మేనమామ బార

నుకులేవా, లౌ దీవులు
2008 మార్చి 11

బావ సకియుసాకు,

కిటియోనే రాస్తున్నాను. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ చెవి ఎలా ఉంది? పోయినసారి రేడియో టెలిఫోనులో నేను "పెద్ద పంది చచ్చిపోయింది బావా" అంటే, నువ్వు "చాలా సంతోషం, అందరికీ నా దీవెనలు చెప్పు" అన్నావు. నా వెనక వరసలో నిలబడ్డవాళ్లంతా ఒకటే నవ్వు. అందుకే ఈసారి ఉత్తరం.

సరుకుల ఓడ వచ్చి ఏడు వారాలైంది. ఊళ్లో పెట్రోలు చుక్క లేదు. పిండి, పంచదార లేకపోయినా బతకొచ్చు, చెట్టున సీమపనస కాయలున్నాయి. కానీ పిల్లలు అవతలి దీవి మోతువాలో బడి హాస్టల్లో ఉండిపోయారు. శుక్రవారం తెచ్చి సోమవారం దింపే పడవ ఇంజను నోరు మూసుకుని కూర్చుంది. మా అమ్మాయి లనియానా పిల్లలిద్దరూ అక్కడే. అది రోజూ ఒడ్డున నిలబడి ఏడు మైళ్ల అవతల బడి వంటశాల పొగ చూస్తుంది. "నాన్నా, పొగ కనిపిస్తుంది, పిల్లలు కనిపించరు, ఇదేం దూరం?" అని నిన్న అడిగింది. ఇద్దరు మగవాళ్లు ఆ ఫైబరు పడవనే తెడ్లతో నడిపిస్తామని బయలుదేరారు. ప్రవాహం లాగేసింది. మర్నాడు మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కి దీవి వెనక వైపు తేలారు.

మన చిన్నప్పుడు మోతువాకు ఉప్పు అడగడానికి వెళ్లేవాళ్లం, గుర్తుందా? కూర పొయ్యి మీద ఉండగానే.

అసలు సంగతి చెప్తాను. నేను తెరచాప పడవ కడుతున్నాను. నవ్వకు. చెట్టు చూసి పెట్టాను. బాడిసె పట్టడం, దుంగ తొలవడం నాకొచ్చు. కానీ కొలతలు రావు. నాన్న నన్నెప్పుడూ చేమదుంపల తోటకు తరిమి, నిన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మేనల్లుడి మీద ఉన్న ప్రేమ కొడుకు మీద లేదాయనకు. కాబట్టి నువ్వే చెప్పాలి. పడవ ఒరగకుండా ఆపే పక్కదుంగ ఎంత దూరంలో ఉండాలి? తెరచాప కొయ్య ఎంత ఎత్తు? నాన్న చేసిన ఆఖరి పడవ ఎక్కడికి పోయిందో నీకు తెలుసు కదా. అది నువ్వుండే సువా పట్నానికి దగ్గరే కాబట్టి ఓసారి వెళ్లి కొలిచి రాయి.

సాయంత్రాలు వేరు దంచి తాగే యంగోనా గిన్నె దగ్గర నీ చోటు ఖాళీగానే ఉంది. తాగేది నేనే కాబట్టి నష్టమేం లేదు.

నీ బామ్మర్ది
కిటియోనే


సువా
2008 ఏప్రిల్ 2

కిటియోనేకు,

ఉత్తరం అందింది. పిల్లల సంగతి చదివి బాధ కలిగింది. పంది సంగతి ఇప్పుడు తెలిసింది.

నలభై ఏళ్లు ఆగి ఇప్పుడన్నావు. "ఎక్కడికి పోయిందో నీకు తెలుసు కదా" అని. అనాల్సింది అప్పుడే అనుంటే బాగుండేది. వయసులో ఉన్నాను, తట్టుకునేవాణ్ణి. నువ్వు అనలేదు, మామ అనలేదు, ఊరూ అనలేదు. అందరూ ఒడ్డుకొచ్చి ఇంజను చప్పుడు విని చప్పట్లు కొట్టారు. నువ్వు కూడా, కిటియోనే. ఆ ఇరవై గుర్రాల ఇంజను తాడు మొదట లాగిందెవరు? నువ్వు కాదూ?

అవును, నేనే తీసుకెళ్లాను. మేనల్లుడు నోరు తెరిచి అడిగితే మేనమామ కాదనకూడదని మన కట్టుబాటు. పైగా ఆ పడవకు పెట్టిన పేరు మా అమ్మది. "మకెరేతా మా అమ్మ, కాబట్టి పడవ నాది" అన్నాను. మామ నా ముఖం చూసి, పక్కదుంగ తాళ్లు తనే బిగించి, నీళ్లలోకి తోశాడు. దాన్ని హోటలువాళ్లకిచ్చి ఇంజను తెచ్చాను. ఊరికి మంచే చేశాననుకున్నాను. ఇరవై నాలుగేళ్లవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది?

మామ పోయినప్పుడు నేను ఓడ మీద ఉన్నాను. రాలేకపోయానని అందరికీ చెప్పాను. రాలేకపోవడం కాదు, రాలేదు.

సరే. హోటలుకు వెళ్లి కొలిచి పంపుతాను. నీ మాట తీర్చడం నా బాధ్యత.

ఇట్లు
సకియుసా


నుకులేవా
2008 ఏప్రిల్ 29

బావా,

ఓడ ఒడ్డున ఉంది. సాయంత్రానికి వెళ్లిపోతుందట. అందుకని పీపాలు దించుతున్న గోలలోనే పెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తిట్టుకో.

"ఇట్లు సకియుసా" ఏమిటి? నేనేమన్నా బ్యాంకు మేనేజర్నా? నా ఉత్తరంలో దెప్పుడు లేదు బావా. దెప్పాలనుకుంటే నీకు తెలియకుండా దెప్పుతానా? పడవ ఎక్కడుందో నీకు తెలుసన్నాను, ఎందుకంటే నీకు తెలుసు కాబట్టి. అంతే. అవును, తాడు లాగింది నేనే. మూడోసారికి అంటుకుంది, నేను వెనక్కి పడ్డాను.

నాన్న నీ గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒట్టు. ఆ సంగతి మనసులోంచి తీసెయ్.

ఇక మన పని విను. చెట్టు కొట్టాం. పడ్డప్పుడు నేల అదిరింది, ఊళ్లో కోళ్లన్నీ ఒకేసారి అరిచాయి. లాగి ఒడ్డుకు చేర్చడానికి ఇరవై మంది, రెండు రోజులు. గ్రామపెద్ద ఇనోకే ఓ చెయ్యి వేశాడు గానీ నోరు మాత్రం ఊరుకోలేదు. "తాతా, ఊరంతా కలిసి ఇంకో ఇంజను కొనుక్కుంటే పోయేదానికి ఈ ముసలి సరదా ఎందుకు?" అన్నాడు. "ఇంజను ఉందిగా నాయనా, దానికి తాగించేదే లేదు" అన్నాను. ఇప్పుడు రెండు పీపాలు దిగాయి. నర్సు రాకపోకలకు ఒకటి తీసిపెడితే, రెండోది నెల రోజులైనా రాదు. ఓడ మళ్లీ ఎప్పుడో దాని ఇష్టం.

ఆడవాళ్లు మొగలి ఆకు కోసి ఎండబెడుతున్నారు. తెరచాప అల్లిక ఒక్క ఉలమిలా ముసలమ్మకే వచ్చు. ఆవిడకు చూపు ఆనదు. వేళ్లతో తడుముతూ, పక్కన కూర్చున్నవాళ్ల చేతుల మీద కొడుతూ నేర్పుతోంది. "ఇది పడుకునే చాప కాదే, గాలి పట్టే చాప! ఇంత వదులుగా అల్లితే గాలి నీ మొగుడిలా జారిపోతుంది" అంటుంది. అందరూ పడీ పడీ నవ్వుతారు. ఈ ఊళ్లో అంత నవ్వు విని చాలా కాలమైంది.

లనియానా తెడ్డు తనే పడతానంటోంది. ఆడది చుక్కాని పట్టడం ఎప్పుడన్నా విన్నామా? అన్నాను. "పిల్లలు నావి, పెట్రోలు లేదు, నాన్నకు అరవై దాటాయి, ఇంకెవరు పడతారు?" అంది.

కొలతలు తొందరగా పంపు. ఓడ కూత వేస్తోంది.

నీ, ఇట్లు కాదు, నీ
కిటియోనే


సువా
2008 మే 4

కిటియోనేకు,

నీ దగ్గర్నుంచి జవాబు ఇంకా రాలేదు. అయినా మాట ప్రకారం రాస్తున్నాను. హోటలుకు వెళ్లాను. పడవను కొలిచాను. కొలతలివి.

పడవ పొడవు అయిదు బారలు. పక్కదుంగను పడవకు కలిపే అడ్డకర్రలు రెండు బారలు. పక్కదుంగ మూడు బారల జానెడు. కొయ్య రెండు బారల మూరెడు. పక్కదుంగ ఎప్పుడూ గాలి వైపే ఉండాలని మరిచిపోకు. దిశ మార్చాలంటే పడవను తిప్పకూడదు, తెరచాప ముక్కును ఈ కొన నుంచి ఆ కొనకు మోసుకెళ్లాలి. అప్పుడు వెనక ముందవుతుంది.

రాస్తుంటే ఒకటి జ్ఞాపకం వచ్చింది. మా అక్క పెళ్లికి మోతువాకు వెళ్లిన రోజు. పడవలో నువ్వు, నేను, మామ, మూడు పందులు, చాపల కట్ట, పాటలు పాడే అత్తలు నలుగురు. మధ్య దారిలో గాలి పెరిగి పక్కదుంగ నీళ్ల మీంచి లేచింది. మామ అరవలేదు. "సకియుసా, పద" అన్నాడు. అంతే. నేను అడ్డకర్రల మీదుగా పరుగెత్తి పక్కదుంగ మీద కూర్చున్నాను. దుంగ దిగింది. అత్తలు పాట ఆపలేదు. నీళ్లు ముఖాన కొడుతుంటే మామ నన్ను చూసి కనుబొమలెగరేశాడు. ఆ ఒక్క కనుబొమ కోసం నేను ఏమైనా చేసేవాణ్ణి.

తర్వాత ముప్ఫై అయిదేళ్లు ఓడల అడుగున ఇంజను గదుల్లో గడిపాను. సముద్రం మీదున్నాననే మాటే గానీ సముద్రాన్ని చూసింది తక్కువ. నూనె, వేడి, చప్పుడు. ఒక చెవి అక్కడే వదిలేసి వచ్చాను. తెరచాప పడవలో మాట్లాడుకోవచ్చు. పిల్లలకు అది చెప్పు. ఒకరి మాట ఒకరికి వినపడుతుంది.

సువాలో బస్సుల పొగకు మా అమ్మాయి ఇంటి కిటికీ తెర నల్లబడింది. ఉతికితే నీళ్లు ఇంజను గదిని గుర్తుకు తెస్తున్నాయి.

సకియుసా


నుకులేవా
2008 సెప్టెంబరు 2

సకియుసాకు,

నాలుగు నెలలు పట్టింది. పడవ అయింది. పోయిన శనివారం నీళ్లలోకి దించాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాట పాడారు. లనియానా తెడ్డు పట్టింది, నేను తాడు పట్టాను, ఇంకో ఇద్దరు కుర్రాళ్లు ఎక్కారు. తెరచాప గాలి పట్టింది. ఆ మొదటి లాగుడు! నేను ఏడ్చాను. సిగ్గేం లేదు, రాస్తున్నాను.

పగడపు దిబ్బ దాటకముందే ఒక గాలి విసురు వచ్చింది. పక్కదుంగ లేచింది. ఒక కుర్రాడు పరుగెత్తాడు, నువ్వు చెప్పినట్టే. దుంగ మీద కూర్చున్నాడు. అయినా దిగలేదు. పడవ నిలువునా లేచి మా మీద బోర్లా పడింది. అడ్డకర్ర తగిలి లనియానా మణికట్టు విరిగింది. తీసిపెట్టిన పెట్రోలుతో మోతువాకు తీసుకెళ్లి నర్సుతో కట్టు కట్టించాం. పిల్లలు తల్లిని అలా చూడాల్సి వచ్చింది.

నిన్న ఊరి సభ జరిగింది. ఇనోకే గట్టిగా ఏమీ అనలేదు. అదే నాకు బాధ. "తాతా, మీరు చాలా కష్టపడ్డారు. ఇక చాలు" అన్నాడు. పడవను కొబ్బరిచెట్ల కింద బోర్లించారు.

బావా, కొలతలు నువ్వు చెప్పినట్టే పెట్టాను. నా చేతులు చాచి ఒక్కొక్కటీ మూడుసార్లు కొలిచాను. అడ్డకర్రలు రెండు బారలు. నాన్న పడవలో పక్కదుంగ అంత దగ్గరగా ఉండేది కాదని నా కంటికి అనిపిస్తూనే ఉంది. అయినా నువ్వు చూసి, తాకి, కొలిచానన్నావు కదా అని నోరు మూసుకున్నాను. నువ్వు నిజంగా కొలిచావా? లేక నా మీద కోపంతో ఏదో ఒకటి రాసి పారేశావా? అదొక్కటి చెప్పు.

కిటియోనే


సువా
2008 సెప్టెంబరు 20

నా కిటియోనేకు,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం తినలేదు. లనియానా చెయ్యి ఎలా ఉంది? వేళ్లు కదులుతున్నాయా? ముందు అది రాయి.

నేను కొలవలేదు.

హోటలుకు వెళ్లిన మాట నిజం. గేటు దగ్గరివాడు "ఎవరి కోసం తాతా?" అన్నాడు. పడవ కోసం అన్నాను. వాడికి అర్థం కాలేదు. లోపల ముసలి తోటమాలి ఒకాయన విని పార పక్కన పెట్టి దగ్గరకొచ్చాడు. "గడ్డి మీద ఉండే ఆ పెద్ద పడవా? బాబూ, దానికి చెద పట్టింది. పన్నెండేళ్లయింది. ముక్కలు కోసి వంట గుంతలో వేశారు. ఆ రోజు అతిథులకు పెద్ద విందు. కట్టె మంచిది, మర్నాటి దాకా నిప్పు ఆరలేదు" అన్నాడు. మంచివాడు. నా ముఖం చూసి కూర్చోమని మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మా అమ్మ పేరున్న పడవ నిప్పుల మీద పంది కాల్చుకు తిన్నారు. ఆ మాట నీకు ఎలా రాయను? రాయలేకపోయాను. బస్సెక్కి ఇంటికొచ్చి, మామ పని చేస్తూ గొణుక్కునే కొలతలు ఒక్కొక్కటే జ్ఞాపకం చేసుకుని, కొలిచానని రాశాను. కోపంతో కాదురా. సిగ్గుతో.

కానీ మాటలు మాత్రం తప్పు కాదు. "అడ్డకర్ర రెండు బారలు." మామ నోటి నుంచి వందసార్లు విన్నాను. ఇది తలచుకుంటూ నిన్న మా అమ్మాయి వంటింట్లో చేతులు చాచి నిలబడ్డాను. రెండు చేతుల వేళ్లూ రెండు గోడలకు తగిలాయి. అప్పుడు తెలిసింది. బార ఎవరిది? మామది. పని చేస్తూ అప్పుడప్పుడు నా చేతులు చాచమని తన చేతులతో పోల్చి చూసేవాడు. "నా చెల్లెలి కొడుకువి, నా చేతులే వచ్చాయి నీకు" అనేవాడు. నీకు మీ అమ్మ పోలిక. పొట్టి చేతులు. దెప్పడం లేదు. రెండు బారల మీద నీకూ ఆయనకూ రెండడుగుల పైనే తేడా వస్తుంది. పక్కదుంగ రెండడుగులు దగ్గరైతే ఆ విసురుకు ఎలా ఆగుతుంది?

నేను ముందే నిజం రాసుంటే నువ్వు ఆలోచించేవాడివి. నీ కంటిని నమ్ముకునేవాడివి. నా అబద్ధం నీ కంటిని మూసేసింది. ఆ పిల్ల చెయ్యి విరిచింది నేను.

కొలతలు అడుగుల్లో రాసి పంపమంటావా?

సకియుసా


నుకులేవా
2008 అక్టోబరు 28

బావా,

వేళ్లు కదులుతున్నాయి. నీ ఉత్తరం లనియానాకు చదివి వినిపించాను. వింటూ వింటూ లేచి వెళ్లిపోయింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కాసేపటికి కొబ్బరిచెట్ల కిందికి వెళ్లి చూస్తే, ఆ బోర్లించిన పడవ పక్కన కూర్చుని ఒంటి చేత్తో అడ్డకర్రల తాళ్లు విప్పుతోంది. "సకియుసా మామయ్య తప్పు కొలత ఇవ్వలేదు నాన్నా, నువ్వే తప్పు చేతులతో పుట్టావు" అంది. పెంపకం నాదే, ఎవరిననగలను?

అడుగులు వద్దు. ఈ పడవలో అడుగుల లెక్క ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. కొలవాల్సింది అడ్డకర్ర ఒక్కటే కాదు కదా. తాడు ఎంత బిగువు, తెరచాప పొట్ట ఎంత లోతు, తెడ్డు ఎంత వంపు, ఇవన్నీ ఉత్తరంలో రాయగలవా? రాసినా ఓడ తెచ్చేసరికి నేను బతికుండాలి.

నీ చేతులు పంపు. వాటితో పాటు నువ్వు రావాలా వద్దా నీ ఇష్టం.

ఇనోకే దగ్గరకు వెళ్లాను. క్రిస్మస్ దాకా గడువు అడిగాను. "సకియుసా తాత వస్తే సరే. రాకపోతే ఆ దుంగతో చర్చికి బల్లలు చేయించుకుందాం" అన్నాడు. అన్నాడే గానీ, కొత్త అడ్డకర్రలకు తన తోటలో చెట్టు చూపించాడు.

నువ్వు ఈ ఊరు మొహం చూసి ముప్ఫై తొమ్మిదేళ్లు. నీ మీద కోపంగా ఉన్నవాళ్లలో చాలామంది పోయారు. మిగిలినవాళ్లకు మతిమరుపు.

కిటియోనే


మోతువా
2009 ఏప్రిల్ 3, శుక్రవారం మధ్యాహ్నం

బామ్మర్దీ,

ఈ ఉత్తరం నీకు ఇవాళే చేరుతుంది. బడి గంట కొట్టగానే పిల్లలు పడవెక్కుతారు, నీ పెద్ద మనవడి చొక్కా జేబులో పెట్టి పంపుతున్నాను. మధ్యాహ్నం రాసింది సాయంత్రం చదవడం! నవంబరులో నేను సువాలో ఓడెక్కి మీ ఒడ్డున దిగడానికి తొమ్మిది రోజులు పట్టింది. నిన్ను చూసి గుర్తుపట్టలేదు. నీ నవ్వు విని గుర్తుపట్టాను, అదీ మంచి చెవి నీ వైపు ఉండబట్టి.

ఇక్కడివాళ్లు నన్ను బాగా చూసుకుంటున్నారు. మన పడవ చూసి వీళ్లూ కడుతున్న పడవకు దుంగ సగం తొలిచారు. రోజూ నన్ను చేతులు చాచమని నిలబెట్టి తాళ్లతో కొలుస్తారు. శిలువ మీద వేలాడే దొంగలా ఉంటాను. నిన్న నా బారను ఒక పొడవాటి వెదురు మీద గాటు పెట్టించాను. ఇంకోటి కూడా చేయించి మీకు పంపుతాను. ఎవరి చేతులూ ఎక్కువ కాలం ఉండవు కదా.

జనవరిలో, కొత్త అడ్డకర్రలతో మొదటిసారి పిల్లల్ని దింపడానికి వచ్చిన రోజు నాకింకా కళ్ల ముందే ఉంది. ఆ గాలి విసురు మళ్లీ అక్కడే, దిబ్బ దగ్గరే వచ్చింది. దుంగ లేచింది. లనియానా అరవలేదు. నీ మనవడు పరుగెత్తాడు. దుంగ నీళ్లలోకి దిగి చప్పుడు చేసింది, పిల్లలంతా ఒక్కసారి కేక పెట్టారు. నువ్వు నా భుజం పట్టుకున్నావు.

ఇప్పుడు మీ ఊరి ఆడవాళ్లు శనివారాలు చాపలు తెచ్చి ఇక్కడి కంద, పెండలం పట్టుకెళ్తున్నారు. ఇక్కడి వాళ్లమ్మాయి ఒకత్తి మీ ఇనోకే కొడుకును చూడ్డానికే వస్తోందని అనుకుంటున్నారు, పైకి మాత్రం కందదుంపల పని. పడవ రేవులో చప్పుడు, నూనె జిడ్డు తగ్గాక చిన్న చేపలు ఒడ్డు దాకా వస్తున్నాయని ముసలివాళ్లంటున్నారు. పీపాలో పెట్రోలు నర్సు కోసం నిండుగా ఉందట. మొన్న మీ స్మశానం గోడ దాకా అల వచ్చిన సంగతి విన్నాను. మన ఒక్క తెరచాప ఆ సముద్రాన్ని ఆపదు, నాకు తెలుసు. అయినా దాన్ని పెంచే పొగలో మన వంతు కొంచెం తగ్గింది.

కిటియోనే, ఇన్ని నెలలు నీ ఇంట్లో, నీ చాప మీద, నీ గిన్నెలో తాగాను. ఒక్కటి అడగాలనుకుని అడగలేకపోయాను. ఎదురుగా కూర్చుంటే నోరు రాలేదు. ఏడు మైళ్ల దూరంలో కాస్త ధైర్యంగా ఉంది. మామ నా గురించి నిజంగా ఏమీ అనలేదా? నువ్వు ఒట్టు పెట్టావు. ఒట్టు పెట్టేటప్పుడు నీ అక్షరాలు వంకరగా ఉన్నాయి. పీపాల గోల అన్నావు. నిజం రాయి. అరవై ఏళ్లు దాటాక ఏ మాటైనా తట్టుకోగలను.

నీ బావ
సకియుసా


నుకులేవా
2009 ఏప్రిల్ 4, శనివారం పొద్దున

బావా,

నిజం అడిగావు, రాస్తున్నాను.

అన్నాడు. చాలా అన్నాడు. నువ్వు పడవ తీసుకెళ్లిన రోజు ఏమీ అనలేదు గానీ, ఆ తర్వాత ఊరుకున్నది లేదు. "నా చెల్లెలి పేరు అమ్ముకున్నాడు" అనేవాడు. ఇంకో పడవ కట్టమని నేను బతిమాలితే, "కట్టి ఏం లాభం, దానికీ ఏ మేనల్లుడో వస్తాడు" అన్నాడు. బాడిసెలు మూటకట్టి దూలం మీద పెట్టేశాడు. ఆయన మనసు విరిగింది, అది నీవల్లే. ఇందులో ఒక్క అక్షరం తీసెయ్యను.

మిగతాది కూడా విను. పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఆయనకు కడుపులో నొప్పి వచ్చింది. మెలికలు తిరిగిపోయాడు. అది ఫిబ్రవరి. గాలి చచ్చిపోయింది. మూడు రోజులుగా ఆకు కదలలేదు, సముద్రం నూనె పోసినట్టు మెరుస్తోంది. ఇంట్లో నాలుగు తెరచాప పడవలు ఉండి ఉన్నా ఆ రోజు ఒక్కటీ అంగుళం జరిగేది కాదు. నీ ఇంజను పడవలో పడుకోబెట్టి లకెంబా ఆసుపత్రికి తీసుకెళ్లాం. తాడు లాగింది నేనే. దారి పొడవునా ఆ చప్పుడుకు పళ్లు కొరుకుతూ నిన్ను తిట్టాడు. నొప్పికి మూలుగు, మధ్యలో నీకు తిట్టు. డాక్టరు కోసి, "ఇంకో పూట ఆగుంటే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు. నాన్న స్పృహలోకి వచ్చి మొదట అడిగిన మాట, "ఆ వెధవ ఇంజనులోనేనా తెచ్చావు?" అని.

ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. మూడేళ్లూ తిట్టాడు బావా. భోజనాల దగ్గర, తోటలో, చర్చికి వెళ్లే దారిలో. లనియానా పుట్టింది ఆ మూడేళ్లలోనే. దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని ఊపుతూ, జోలపాట మధ్యలో కూడా నిన్ను తిట్టేవాడు. అది ఆ తిట్లు విని నవ్వేది. ఆ మూడేళ్లూ నేను ఎదురుగా కూర్చుని వింటూ అన్నం తిన్నాను. నా జీవితంలో అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ఇది నీకు ముందే ఎందుకు చెప్పలేదంటే, తిట్టాడని సగం చెప్తే నువ్వు రావు. బతికాడని సగం చెప్తే నేను నీకు రుణపడ్డట్టు అవుతుంది. బామ్మర్దిని, ఆ మాట ఎలా ఒప్పుకుంటాను?

ఇనోకే ఇక ఇంజను అమ్మేద్దామంటే వద్దన్నాను. గాలి లేని రోజులకు ఉండనీ.

లనియానా నీళ్లలో నిలబడి పిలుస్తోంది, చాపలు ఎక్కించేశారు. నాన్న తిట్లలో కొన్ని మరిచిపోయాను. జ్ఞాపకం వచ్చినవి రాసి పెడతాను, సోమవారం పిల్లల చేతికిచ్చి పంపుతాను.

నీ
కిటియోనే